ఆఖరి మడి

కొల్లాపూర్ల నాది మోటర్ల వైండింగు షాపు.
కాలిన రాగితీగ వాసన నా అంగీలనే ఉంటది, ఉతికినా పోదు.
మోటరు విప్పి, చుట్టి, బిగించి
"నడుస్తది, తీస్కపో" అంటే
రైతు ఇంకో మాట అడగడు.

మూడు ఫేజులల్ల రెండు వైర్లు తారుమారైతే
మోటరు ఎన్కకు తిరుగుతది.
చప్పుడు మంచిగనే వస్తది, నీళ్లే ఎక్కవు.
అందుకే పట్నంల డాక్టరు కాయితం మీద గుండె గీసి
"రెండు పెద్ద నరాలు అటుదిటు, ఇటుదటు" అంటే
పక్కన శివలీల ఏడ్వబట్టె గాని
నాకు ఠక్కున సమజైంది.

పంతొమ్మిది దినాల పిల్ల.
గోర్లు అల్లనేరేడు రంగు.
నేను పెట్టిన సంతకం నాదేనా అన్నట్టు వంకర.
గుండె ఆపిండ్రు.
దాని నెత్తురును ఏదో మిషన్ తిప్పిందంట, మూడు గంటలు.
బయట శివలీల స్టీలు గ్లాసుల పాలు పిండి
సింకుల పోసింది, ఏడు దినాలు.

"నడుస్తది, తీస్కపోండ్రి" అన్నరు.
నేను ఇంకో మాట అడగలె.

ఇప్పుడు తొమ్మిదేండ్లు.
బడి రిజిస్టర్ల ఇందుజ, ఇంట్ల మొక్కు పేరు ఈదమ్మ.
ఉరుకుతది, చింతకాయ కొడ్తది, అలిగి మంచం కిందికి దూరుతది.
కని ఉప్పు, అగ్గిపెట్టె తెమ్మంటే
అగ్గిపెట్టె తెస్తది.
అంగీ గుండీలు ఎప్పుడూ ఒకటి కిందికి.
గోడ గడియారం ముందట నిలబడి
చిన్నముల్లు, పెద్దముల్లు
ఎవరి మాట ఇనాల్నో తెల్వనట్టు చూస్తది.
సారు కాపీల ఎర్రగ రాసిండు: శ్రద్ధ లేదు.

నేనొకసారి కొట్టిన.
ఎనిమిదో ఎక్కం కాడ.
ఛాతీ మీది కుట్టుకు తగలకుండ, వీపు మీద.
అంత తెలివి ఉండె నాకు, ఆ కోపంల.

మొన్న చెకప్‌కు పోతే
గుండె చూసే రూముల ఐదు నిమిషాలు. ఫస్ట్ క్లాస్ అన్నరు.
పక్క రూముల ఒక మేడం, మెడల స్టెతస్కోపు లేదు,
ముందట రంగు దిమ్మెలు, దారం, పూసలు.
గంటన్నర.
పిల్లను ఆడిచ్చింది, అంకెలు ఉల్టా చెప్పిచ్చింది,
తర్వాత నన్ను కూసోవెట్టి మెల్లగ చెప్పింది:
తల్లి కడుపుల ఉన్నప్పటి సంది
దీని మెదడుకు మంచి నెత్తురు తక్కువ అందింది.
గుండె సక్కగైన దినమే అది సక్కగ కాదు.
పెద్ద క్లాసులకు పోయినంక ఇంకా కొన్ని బయటపడొచ్చు.
ఏడాదికోసారి చూపియ్యుండ్రి, ఒక్కసారి ఒక్క పనే చెప్పుండ్రి.
బద్ధకం కాదన్నా ఇది.

ఎంతవరకొస్తది మేడం, అంటే
ఇప్పుడే చెప్పలేనన్నది.
అబద్ధం చెప్పనందుకు దండం పెట్టిన.

బస్సు జడ్చర్ల దాటినంక తోచింది.
మోటరు కాలి పది దినాలు ఎండి నెర్రెలిచ్చిన మడి
మోటరు బిగిచ్చిన పొద్దే పచ్చవడ్తదా?
కాలువ తాగాలె, మొదటి మడి తాగాలె,
ఆఖరి మడి దాక పారేసరికి కరెంటు పోతది.
ఇరవై ఏండ్ల సంది ఎన్ని మోటర్లు అప్పజెప్పిన,
ఒక్కనాడన్న ఆ మడి సంగతి అడిగిన్నా?

ఇప్పుడు వారం ఆగి ఫోన్ చేస్తున్న.
"ఏం కేశవులూ, ఆఖరి మడి తడిసిందా?"
అటుపక్క నవ్వుతడు,
మోటరాయనకు మతి తప్పిందని.

బడి లేనినాడు ఈదమ్మ షాపుకొస్తది.
చుట్లు లెక్కపెట్టుడు దాని పని.
ఒక్క కాయిలుకు నలభై నాలుగు.
పెదాలు కదుల్తయి, ఏలు తీగె మీద నడుస్తది.
ముప్పై ఒకటి కాడ బయట లారీ హారన్ కొట్టె.
మొత్తం పోయింది.
నా దిక్కు చూసింది.
నేను చూడనట్టు పానా తుడుస్తున్న.

చుట్టిందంత విప్పింది.
ఒకటి.
రెండు.
బండి మీద కూసున్న రైతు టైం చూసుకుంటే
ఆగమని చెయ్యి చూపెట్టిన.